ఇంకా అంత దాకా రాలేదు

వ్యసనానికి వైద్యసాయం ఎప్పుడు తీసుకోవాలని అడిగితే మన ఇళ్లలో తరచుగా వినిపించే జవాబు ‘ఇంకా అంత దాకా రాలేదు’ అనేదే. ఈ జవాబులో ఒక సౌకర్యం ఉంది. ‘అంత’ అంటే ఎంతో ఎవరూ చెప్పరు. చెప్పరు కాబట్టి అది ఏటా కాస్త ముందుకు జరుగుతూ ఉంటుంది. ఉద్యోగం పోయినప్పుడు చూద్దామనుకున్నవాడు, ఉద్యోగం పోయాక, రెండోది కూడా పోయినప్పుడు చూద్దామనుకుంటాడు.

ఆ ‘అంత’ను కొలవవచ్చు. కొలవడానికి ఒక ఊరు కావాలి కాబట్టి కెనడాలోని ఏజాక్స్‌ను తీసుకుందాం. టొరంటోకు తూర్పున, ఒంటారియో సరస్సు ఒడ్డున, డర్హం ప్రాంతంలో ఉన్న పట్టణం ఇది. 2021 లెక్కల ప్రకారం జనాభా 1,26,666. దక్షిణాసియా కుటుంబాలు బాగా ఎక్కువ, వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇక్కడ వ్యసనాలు మిగతా చోట్లకంటే ఎక్కువని కాదు. మామూలు ఊరు కావడమే దీని అర్హత. ఇంటి మీద మార్ట్‌గేజ్, పొద్దున్నే గో రైలు, లాంగ్ వీకెండ్ వస్తే బేస్‌మెంట్‌లో పార్టీ.

ముందుగా సరఫరా సంగతి చూద్దాం. ఈ పట్టణం ఉన్న ఒంటారియో ప్రావిన్సులో మద్యం అమ్మకం 1927 నుంచి ప్రధానంగా ప్రభుత్వ సంస్థ ఎల్‌సీబీఓ చేతిలో ఉంది. 2024 సెప్టెంబరు 5 నుంచి బీరు, వైన్ సందు చివరి పాలదుకాణంలోకి కూడా వచ్చాయి. ఏజాక్స్ డౌన్స్‌లో గుర్రప్పందేలు జరుగుతాయి, పక్కనే క్యాసినో ఉంది. పొరుగున పికరింగ్‌లో 2021లో ఇంకా పెద్ద క్యాసినో తెరిచారు. 2022 ఏప్రిల్ 4 నుంచి ప్రైవేటు ఆన్‌లైన్ జూదానికి కూడా ప్రావిన్సు తలుపులు తీసింది. అంటే ఇప్పుడు నష్టపోవడానికి ఇంట్లోంచి కదలాల్సిన పని లేదు.

ఇక వ్యసనం అంటే ఏమిటి? వైద్యులు దీన్ని ఔనో కాదో అన్నట్టుగా చూడరు. మానసిక వైద్యులు వాడే అమెరికన్ నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం ఐదో కూర్పు 2013లో వచ్చింది. అందులో మద్యానికి సంబంధించి 11 లక్షణాలు ఉన్నాయి. అనుకున్నదానికంటే ఎక్కువ తాగడం, తగ్గించాలని ప్రయత్నించి విఫలం కావడం, దాని కోసం మనసు లాగడం, ఇంట్లోవాళ్లతో తగవులు వస్తున్నా కొనసాగించడం, ఇంతకుముందు ఇష్టపడ్డ పనులు వదిలేయడం వంటివి. గడిచిన 12 నెలల్లో వీటిలో రెండు మూడు ఉంటే సమస్య స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తీవ్రం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అందరూ ముందుగా వెతికే గుర్తు, చేతులు వణకడం, ఆ 11లో ఒకే ఒక్క లక్షణంలో భాగం. మిగతా పదింటికీ చేతులు నిలకడగానే ఉంటాయి. ఆ చేతులతోనే మనిషి ఆఫీసు మీటింగులో స్లైడ్లు చూపిస్తాడు, పిల్లల్ని ఈతకు దింపి వస్తాడు, భార్య అడిగితే ‘నాకేమైంది, బాగానే ఉన్నాను కదా’ అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. తప్పు లక్షణం కోసం వెతుకుతున్నాడు.

ఈ పొరపాటుకు కొంత బాధ్యత మన సినిమాది. తెలుగు మనసులో తాగుడు రోగి బొమ్మ 1953లో ‘దేవదాసు’తో స్థిరపడిపోయింది. మాసిన బట్టలు, దగ్గు, భగ్నప్రేమ. ఈ కొలత ప్రకారం చూస్తే, చొక్కా ఇస్త్రీ చేసుకుని, ప్రేమించిన అమ్మాయినే పెళ్లి చేసుకున్నవాడికి ఈ జబ్బు రాకూడదు. వస్తోంది.

తరువాత కొలవాల్సింది గ్లాసు. కెనడాలో ఒక ‘ప్రామాణిక పానీయం’ అంటే 13.45 గ్రాముల ఆల్కహాలు. విస్కీ లెక్కలో 43 మిల్లీలీటర్లు, వైన్ అయితే 142, బీరు అయితే 341. మన పెగ్గు 60 మిల్లీలీటర్లు. అంటే మనం ఒకటి అని లెక్కపెట్టేది ఇక్కడి వైద్యుడి లెక్కలో సుమారు 1.4. పోసేది గృహస్థు, తాగేది అతిథి అయితే ఎంతవుతుందో ఏ ప్రమాణంలోనూ లేదు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా, చేత్తో కొలిచిన రెండు వేళ్లు, ‘ఇంకొంచెం వెయ్యి బావా, ఐసే ఉంది అంతా’ అనే బలవంతం. తెలుగు మర్యాదకు మిల్లీలీటర్లు తెలియవు.

రోజూ రాత్రి భోజనానికి ముందు రెండు పెగ్గులు అనుకుందాం. దీన్ని మన వాళ్లెవరూ వ్యసనం అనరు, అలవాటు అంటారు. వారానికి 14 పెగ్గులు, 840 మిల్లీలీటర్లు, అంటే ప్రామాణిక పానీయాలు 20కి అర తక్కువ. కెనడా వ్యసన పరిశోధన కేంద్రం 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకం ప్రకారం వారానికి రెండు దాకా ముప్పు తక్కువ, మూడు నుంచి ఆరు మధ్యస్థం, ఏడు నుంచి ముప్పు అంతకంతకూ పెరుగుతుంది. ఈ ‘అలవాటు’ ఆ ఏడుకు దాదాపు మూడు రెట్లు. ఇలా తాగే ప్రతివాడూ వ్యసనపరుడని దీనర్థం కాదు. ‘నేను లెక్కలోనే ఉన్నాను’ అనేవాడు ఏ లెక్క చూశాడో అడగవచ్చని మాత్రమే.

మద్యం విషయంలో తెలుగువాళ్లకు చిరకాలంగా తెలిసిన చికిత్సలు రెండు. మొదటిది నిషేధం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు, ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ స్త్రీల పోరాటం చరిత్రలో గట్టిగా నిలిచేదే. అయితే నిషేధం దుకాణాన్ని మూసింది. లోపలి నుంచి బయటికి నెట్టినవాడిని ఎక్కడికి పంపాలో చెప్పలేదు.

రెండోది ఒట్టు. పిల్లల మీద, అమ్మ మీద, తిరుపతి వెంకన్న మీద. దీనిలో అన్నిటికన్నా క్రమబద్ధమైనది అయ్యప్ప దీక్ష. 41 రోజులు మండలం, ఆ రోజుల్లో చుక్క ముట్టరు. టొరంటో చుట్టుపక్కల కూడా మాల వేసుకునేవాళ్లు ఉన్నారు. ‘నలభై రోజులు మానేశానుగా, నాకు వ్యసనమెక్కడిది?’ అనే వాదన అక్కడ పుడుతుంది.

ఈ వాదనను గౌరవంగానే పరిశీలిద్దాం. 41 రోజులు ఇబ్బంది లేకుండా ఆపగలిగితే, శరీరం మద్యానికి గట్టిగా కట్టుబడి లేదని తెలుస్తుంది. అది మంచి వార్తే. కానీ వ్యసనంలో అసలు ప్రశ్న ఆపగలమా అన్నది కాదు, మొదలుపెట్టాక ఆగగలమా అన్నది. దానికి జవాబు దీక్షలో దొరకదు. మాల తీసిన రోజు రాత్రి దొరుకుతుంది. ఆ రాత్రి కోసం 41 రోజులూ లెక్కపెట్టుకుని ఉంటే ఆ జవాబు కూడా ముందే దొరికినట్టే.

ఒట్టుకు ఇంకో చిక్కుంది, అది ప్రాణాల మీదికి వచ్చేది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మెదడు అదుపు తప్పుతుంది. దీన్ని విత్‌డ్రాయల్ అంటారు. అంటే అలవాటైన పదార్థం హఠాత్తుగా అందకపోవడం వల్ల శరీరం చేసే తిరుగుబాటు. చివరి గ్లాసు తరువాత కొన్ని గంటల్లో వణుకు, చెమటలు. రెండు రోజుల లోపు మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతిభ్రమణం, లేనివి కనిపించడం. వైద్యం అందకపోతే చనిపోవచ్చు కూడా. అందువల్ల జనవరి ఒకటిన శపథం పట్టిన భారీ తాగుబోతుకు చప్పట్లకంటే ముందు డాక్టరు అవసరం.

దీనికి 2020 మార్చి ఒక పెద్ద ప్రయోగంలా ఉపయోగపడింది, చేయాలని ఎవరూ అనుకోకపోయినా. లాక్‌డౌన్‌తో తెలంగాణలో మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు రాత్రికి రాత్రి మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు విత్‌డ్రాయల్ రోగులు బారులు తీరారు. అదే నెలలో ఒంటారియో ప్రభుత్వం మద్యం దుకాణాలను అత్యవసర సేవల జాబితాలో చేర్చి తెరిచే ఉంచింది. ఒక్కసారిగా ఆపితే ఆసుపత్రులు నిండిపోతాయన్నది వైద్యులు అప్పట్లో చెప్పిన కారణం. ఖజానా కూడా ఎవరికో గుర్తుండే ఉంటుంది. ఎర్రగడ్డలో బారులు తీరినవాళ్లలో ఎక్కువమంది అంతకు ముందు వారం దాకా ‘అంత దాకా’ రానివాళ్లే. సరఫరా ఆగితే తప్ప తేలని సంగతి, పది ప్రశ్నలడిగే డాక్టరు దగ్గర పది నిమిషాల్లో తేలేది.

‘అట్టడుగు తాకితేగాని లేవడు’ అనే సిద్ధాంతం మనది కాదు, అయినా మనం బాగా దత్తత తీసుకున్నాం. అది ఆల్కహాలిక్స్ అనానిమస్ తొలి రోజుల్లో పుట్టింది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో మొదలైన ఆ సంఘంలో మొదట చేరినవాళ్లు అన్నీ పోగొట్టుకున్నవాళ్లే, కాబట్టి కోలుకోవడానికి అదే దారి అనిపించింది. కానీ 1953లో అచ్చయిన తమ పుస్తకంలోనే వాళ్లు వేరే మాట రాశారు. ఇల్లూ ఉద్యోగమూ నిలిచి ఉన్న యువకులు కూడా వచ్చి బాగుపడుతున్నారని, ఆ అడుగును పైకి లేపడమే తమ పని అని. సిద్ధాంతం కనిపెట్టినవాళ్లు 70 ఏళ్ల కిందటే సవరించుకున్నారు. వాడుకుంటున్నవాళ్లకు ఇంకా కబురు అందలేదు.

ఆ సిద్ధాంతంలో లెక్కల దోషం కూడా ఉంది. అట్టడుగు తాకి లేచినవాళ్లు సభల్లో తమ కథ చెబుతారు. తాకి లేవనివాళ్లు చెప్పరు. కాబట్టి సభలో కూర్చున్నవాడికి అట్టడుగు గొప్ప ఉపాధ్యాయుడిలా కనిపిస్తుంది.

ఏజాక్స్ అసలు ఎలా పుట్టిందో ఇక్కడ చెప్పాలి. 1941లో పొలాలు సేకరించి, ఫిరంగి గుండ్లలో పేలుడు పదార్థం నింపే కర్మాగారం కట్టారు. దాని చుట్టూ వెలిసిన ఊరికి, 1939 డిసెంబరులో రివర్ ప్లేట్ దగ్గర పోరాడిన బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు. అలాంటి కర్మాగారాల్లో అగ్గిపుల్లలు గేటు దగ్గరే ఆగిపోతాయి. ఒకసారి పేలాక కార్మికుడికి తనంతట తనకే బుద్ధి వస్తుందని ఏ ఫోర్‌మనూ అనడు.

ఇక అసలు అడ్డంకి దగ్గరికి వద్దాం. జ్ఞానం లేక ఆగేవాళ్లు తక్కువ. పరువు కోసం ఆగేవాళ్లు ఎక్కువ. నలుగురికీ తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది, పీఆర్ (శాశ్వత నివాస హోదా) పోతుంది. ఈ భయాలను ఒక్కొక్కటిగా చట్టంతో పోల్చి చూస్తే ఒక వింత సంగతి బయటపడుతుంది. వీటిలో చాలావరకు చికిత్స వల్ల జరిగేవి కావు, చికిత్స ఆలస్యమవడం వల్ల జరిగేవి.

నలుగురికీ తెలియడం. ఒంటారియోలో 2004 నాటి ఆరోగ్య సమాచార గోప్యతా చట్టం ప్రకారం మీ డాక్టరు మీ అనుమతి లేకుండా భార్యకు గానీ భర్తకు గానీ చెప్పకూడదు. మినహాయింపులు ఉన్నాయి. ఎవరి ప్రాణానికైనా తీవ్రమైన ముప్పున్నా, పిల్లలకు హాని జరుగుతోందని అనుమానమున్నా చెప్పవచ్చు లేదా చెప్పాలి. అటువైపు చూద్దాం. అర్ధరాత్రి 911కు ఫోను చేస్తే ఇంటి ముందు ఆగేది అంబులెన్సు, దాని వెనక బహుశా పోలీసు కారు. టౌన్‌హౌసుల వరుసలో ఆ ఎర్ర దీపాల వెలుగుకు గోప్యతా చట్టం వర్తించదు.

లైసెన్సు. వ్యసనం అదుపులో లేకుండా ఉండి, చికిత్స సలహాలు కూడా పాటించనివాళ్ల పేర్లు రవాణా శాఖకు తెలపాలని ఒంటారియో వైద్యులకు నిబంధన ఉంది. నడపడం ప్రమాదమని తోస్తే మిగతా సందర్భాల్లోనూ తెలిపే విచక్షణ వారికుంది. నిబంధనలోని ‘కూడా’ను గమనించండి. చికిత్సకు వచ్చి, చెప్పినట్టు వింటున్నవాడి మీద ఆ తప్పనిసరి వర్తించదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 80 మిల్లీగ్రాములు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి రోడ్డు మీద దొరికితే మాత్రం ఏ విచక్షణా లేదు. అక్కడికక్కడే 90 రోజులు లైసెన్సు రద్దు, ఏడు రోజులు కారు జప్తు, ఆ పైన క్రిమినల్ కేసు.

పీఆర్. శాశ్వత నివాసి వ్యసనానికి చికిత్స తీసుకున్నంత మాత్రాన హోదా పోదు. 2018 డిసెంబరు 18 నుంచి తాగి నడిపే నేరానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్లకు పెరిగింది. 10 ఏళ్ల శిక్షకు అవకాశమున్న నేరాన్ని వలస చట్టం తీవ్ర నేరంగా లెక్కిస్తుంది. న్యాయమూర్తి నిజంగా వేసినది వెయ్యి డాలర్ల జరిమానాయే అయినా సరే, పీఆర్ మీద ఉన్నవాడు దేశం విడిచి వెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. పదేళ్లు క్యూలో నిలబడి సంపాదించుకున్న కాగితాన్ని కాపాడుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లకుండా, బేస్‌మెంట్ నుంచి ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్లేవాడి తర్కం ఇది.

ఉద్యోగం. ఒంటారియో మానవ హక్కుల నియమావళి కింద వ్యసనాన్ని వైకల్యంగా పరిగణిస్తారు. చికిత్సకు వీలు కల్పించే బాధ్యత యజమానికి ఉంటుంది, తలకు మించిన భారమైతే తప్ప. బ్యాంకుల్లో, ఐటీ కంపెనీల్లో పనిచేసే చాలామందికి ఈఏపీ అనే ఉచిత కౌన్సెలింగ్ సౌకర్యం కూడా ఉంది. జిమ్ డిస్కౌంటు గురించి తెలిసినంతగా దీని గురించి ఉద్యోగులకు తెలియదు. న్యాయంగా ఒక ప్రతికూలత కూడా చెప్పాలి. జీవిత బీమా దరఖాస్తులో చికిత్స వివరాలు అడుగుతారు, ప్రీమియం పెరగవచ్చు. కాలేయం చెడ్డాక కూడా ఇవే ప్రశ్నలు అడుగుతారు, పెరగడం మాత్రం ఇంకా ఎక్కువ.

జూదం గురించి కొద్దిగా. వాసన రాదు, తూలడు, పొద్దున్న తలనొప్పి ఉండదు. అందువల్ల ఇంట్లోవాళ్లకు చివరి దాకా తెలియదు, తెలిసేది బ్యాంకు ఉత్తరంతోనే. దీనికి మొదటి గుర్తు పోయిన డబ్బు కాదు, పోయినదాన్ని రాబట్టడానికి మర్నాడే మళ్లీ ఆడటం. రెండో గుర్తు దాచిపెట్టడం. కుటుంబాలు ఇక్కడ చేసే ప్రేమపూర్వకమైన తప్పు ఒకటుంది. ఊళ్లో పొలం అమ్మి అప్పు తీర్చి, చికిత్స అయిపోయిందనుకుంటారు. ఆడేవాడి దృష్టిలో అది కొత్త పెట్టుబడి. ఒంటారియో లాటరీ సంస్థ దగ్గర ‘మై ప్లేబ్రేక్’ అనే ఏర్పాటు ఉంది. మనిషి తన పేరు తానే ఇచ్చి, నన్ను లోపలికి రానివ్వొద్దని ముందే చెప్పుకోవచ్చు. తన బలహీనతను తాను బాగున్న పూట గుర్తించినవాడు చేసే పని ఇది.

‘అతను రానంటే నేనేం చేయను?’ అని అడిగే భార్యలకు, తల్లులకు ఒక మాట. అతను ఒప్పుకునే దాకా మీరు ఆగనక్కర్లేదు. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ మేయర్స్ రూపొందించిన ‘క్రాఫ్ట్’ అనే పద్ధతి నేరుగా కుటుంబసభ్యులకే శిక్షణ ఇస్తుంది. తాగని సాయంత్రాన్ని ఎలా ఆదరించాలి, తాగిన రాత్రి పర్యవసానాలకు ఎలా అడ్డుపడకుండా ఉండాలి, చికిత్స మాట ఏ పూట ఎత్తాలి అని. 130 మంది కుటుంబసభ్యులతో చేసి 1999లో ప్రచురించిన పరీక్షలో ఈ పద్ధతితో 64 శాతం మంది రోగులు చికిత్సకు వచ్చారు. అందరూ కూర్చోబెట్టి నిలదీసే పద్ధతితో వచ్చింది 30 శాతం, తాగేవాళ్ల కుటుంబాల సంఘమైన అల్-అనాన్ బాటలో సాగినవారిలో 13. అల్-అనాన్ ఉద్దేశం కుటుంబానికి ఊరటనివ్వడం, రోగిని తీసుకురావడం కాదు కాబట్టి ఆ అంకెను ఆ సంఘం మీద తీర్పుగా చూడకూడదు. పెద్దమనుషుల్ని పిలిచి హాల్లో పంచాయితీ పెట్టే మన ఆచారాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఫలితం ఊహించడం కష్టం కాదు.

పెందలాడే వెళ్తే జరిగేది చూస్తే నిరాశ కలిగేంత చిన్నది. ఫ్యామిలీ డాక్టరు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నలు అడగవచ్చు. 40కి ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మాట్లాడాల్సిన అవసరం ఉన్నట్టు. కాలేయానికి ఒక రక్తపరీక్ష. తగ్గించాలా, మానాలా అన్న సంభాషణ. అవసరమైతే నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర. ఇది తాగాలన్న కోరికను, తాగితే వచ్చే తృప్తిని తగ్గిస్తుంది, మొదలుపెట్టడానికి పూర్తిగా మానేసి ఉండాల్సిన పని లేదు. ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వాడేవాళ్లకు మాత్రం పనికిరాదు. మంచం లేదు, సెలైన్ లేదు, సెలవు పెట్టనక్కర్లేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్లవచ్చు.

శరీరం గట్టిగా అలవాటు పడినవాళ్లకు ఇంతకంటే ఎక్కువ కావాలి, అదీ అందుబాటులోనే ఉంది. లేక్‌రిడ్జ్ హెల్త్ ఆసుపత్రుల సంస్థ నడిపే పైన్‌వుడ్ సెంటర్ డర్హం ప్రాంతవాసులకు వ్యసన చికిత్స అందిస్తుంది. విత్‌డ్రాయల్ రోజులు పర్యవేక్షణలో గడపడానికి ఓషావాలో వసతి ఉంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఇంట్లో తలుపేసుకుని తమంతట తాము ఆపేయకుండా, ముందు ఇలాంటి చోట అడగాలి.

ఎక్కడ అడగాలో తెలియనివాళ్లకు ప్రావిన్సు మొత్తానికి ఒకే ఫోను ఉంది. పేరు కనెక్స్ ఒంటారియో. మద్యం, మత్తుపదార్థాలు, జూదం, మానసిక ఆరోగ్యం, ఏదైనా సరే దగ్గరలో ఏ సేవ ఉందో చెబుతారు. ఉచితం, గోప్యం, రోజుకు 24 గంటలూ పనిచేస్తుంది. రోగే చేయనక్కర్లేదు, ఇంట్లోవాళ్లు చేయవచ్చు. సమస్య ఎంత పెద్దదై ఉండాలన్న అర్హత ఏదీ లేదు. నంబరు 1-866-531-2600.